మోటారు కంటే ముందు చట్రం: ఇంటి సీఎన్‌సీపై పాఠకుల ప్రశ్నలు

ఇంట్లో సీఎన్‌సీ రౌటర్‌ను (కంప్యూటర్ ఆదేశాలతో కర్రను, లోహాన్ని కోసే యంత్రాన్ని) సొంతంగా కట్టుకునే ప్రయత్నంలో ఉన్న పాఠకుల ఉత్తరాలలో ఎక్కువ భాగం ‘ఎంత శక్తి గల మోటారు కావాలి?’ అన్న ప్రశ్నతోనే మొదలయ్యాయి. తీరా ఉత్తరం చివరిదాకా చదివితే, వారిని వేధిస్తున్న ఇబ్బందికి మోటారుతో సంబంధం ఉన్నది చాలా అరుదు. అందుకే ఎక్కువ మందికి పనికివచ్చే ప్రశ్నలను ఎంచి, కొంత కుదించి ఇక్కడ ఇస్తున్నాము.

ప్రశ్న: చెక్కపని నా అభిరుచి. 600 × 800 మి.మీ. మేర కోయగల యంత్రాన్ని కట్టుకోవాలని ఉంది. ఎక్కువగా ప్లైవుడ్, గట్టి కర్ర, అప్పుడప్పుడు అల్యూమినియం పలక కోస్తాను, అన్నీ 25 మి.మీ. మందం లోపువే. అక్షాలను కదపడానికి నెమా 23 కొలత స్టెప్పర్ మోటార్లు, 2.2 కిలోవాట్ల స్పిండిల్ (కోసే బిట్టును తిప్పే మోటారు) అనుకున్నాను. జెడ్ అక్షం (స్పిండిల్‌ను పైకీ కిందికీ కదిపే భాగం) కింద 150 మి.మీ. ఎత్తు ఖాళీ ఉండాలి. చట్రానికి ఇంట్లో మిగిలిన ప్లైవుడ్, సన్నటి అల్యూమినియం ప్రొఫైళ్లు సరిపోతాయా?

జవాబు: మీ ఉత్తరంలో చట్రం ప్రస్తావన అన్నింటికంటే చివర, అదీ మిగిలిన సామానుతో సరిపెట్టుకునే ధోరణిలో వచ్చింది. ఆ వరుసను తిరగేయమని నా సలహా. 2.2 కిలోవాట్ల స్పిండిల్ తన శక్తిని కోతలో చూపాలంటే, బిట్టును కర్ర ఎదురు నెట్టినప్పుడు యంత్రం ఒంగకుండా నిలబడాలి. నిలబడలేని చట్రానికి బిగించిన పెద్ద స్పిండిల్ చేసే పనల్లా తన బరువుతో దాన్ని మరికాస్త ఒంచడమే.

కోతలో పుట్టే బలం బిట్టు నుంచి కాలెట్‌కు (బిట్టును పట్టి ఉంచే బిగింపుకు), స్పిండిల్‌కు, జెడ్ పలకకు, గాంట్రీ దూలానికి (స్పిండిల్‌ను మోస్తూ బల్ల మీదుగా కదిలే అడ్డ వంతెనకు), పక్క పలకలకు, రైళ్లకు (భాగాలు జారే పట్టాలకు), బల్లకు, చివరికి బల్ల మీద బిగించిన కర్రకు చేరి ఒక చుట్టు తిరుగుతుంది. ఈ చుట్టులో ప్రతి భాగమూ ఎంతో కొంత ఒంగుతుంది, ఆ వంపులన్నీ కలిసి బిట్టు కొన దగ్గర తేలుతాయి. కాబట్టి అన్ని భాగాలనూ ఉక్కుతో చేసి పక్క పలకలను మాత్రం పలచటి రేకుతో చేస్తే, అది రేకు యంత్రంలాగే కోస్తుంది.

గాంట్రీ దూలం విషయంలో ఒక్క లెక్క తెలిసి ఉంటే చాలా ఖర్చు తప్పుతుంది. రెండు కొసల మీద ఆనిన దూలం నడుమ ఒక బరువు వేలాడదీసినప్పుడు కలిగే వంపు, పొడవు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. అంటే పొడవు రెండింతలైతే వంపు ఎనిమిదింతలవుతుంది. ఎత్తు దగ్గర ఇదే లెక్క మనకు కలిసివస్తుంది: వెడల్పు మార్చకుండా ఎత్తును రెండింతలు చేస్తే వంపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. 40 × 80 మి.మీ. ఘన దిమ్మెను పడుకోబెట్టే బదులు నిలబెడితే, లోహం ఒక్క గ్రాము కూడా పెరగకుండానే, నిలువు దిశలో నాలుగు రెట్లు గట్టిపడుతుంది. అయితే రౌటర్ మీద ముందుకూ వెనక్కూ పడే నెట్టుడు కూడా తక్కువేమీ కాదు, ఆ దిశలో నిలబెట్టిన దిమ్మె బలహీనమవుతుంది. అందుకే రెండు వైపులా ఒకేలా నిలిచే 80 × 80 మి.మీ. చదరపు గొట్టం లాంటిదే నాకు ఇష్టం.

దూలం ఒంగడమే కాదు, మెలి కూడా పడుతుంది. బిట్టు కొన దూలానికి ఎంతో కిందుగా వేలాడుతూ ఉంటుంది కాబట్టి, కర్ర దాన్ని వెనక్కి నెట్టినప్పుడల్లా దూలం బట్ట పిండినట్లు తిరగబోతుంది. గుడ్డ చుట్టి వచ్చే అట్ట గొట్టం ఒకటి తీసుకొని రెండు చేతులతో మెలిపెట్టి చూడండి, అది కదలదు. దాన్నే నిలువునా ఒక గీత మేర చీల్చి మళ్లీ మెలిపెట్టండి, పిల్లల చేతికి కూడా లొంగిపోతుంది. చీలిక వెంట అతుకు టేపు గట్టిగా వేయగానే మళ్లీ బిగుసుకుంటుంది. మూసి ఉన్న గొట్టానికీ, సి ఆకారంలో తెరిచి ఉన్న సెక్షన్‌కూ మధ్య తేడా ఇదే. రెండు సన్నటి ప్రొఫైళ్లను ఒకదాని మీద ఒకటి ఎడంగా పెట్టి గాంట్రీ అనుకునే వారు, వాటి వెనక ఒక పలకను దగ్గర దగ్గరగా బోల్టులు వేసి బిగించినా ఎంతో మేలు కలుగుతుంది.

ఇక ముడిసరుకు. అల్యూమినియం యంగ్ గుణకం (ఒంగకుండా నిలిచే గట్టిదనపు కొలత) సుమారు 70 గిగాపాస్కల్‌లు, ఉక్కుది సుమారు 200, మంచి ప్లైవుడ్‌ది 10కి అటూ ఇటూ. ఒకే కొలతల్లో చేస్తే ఉక్కు దూలం అల్యూమినియం దానికంటే దాదాపు మూడు రెట్లు తక్కువ ఒంగుతుంది. ఉక్కుతో వచ్చే చిక్కు వెల్డింగ్‌లో ఉంది: అతుకు చల్లారుతున్నకొద్దీ గొట్టం లాక్కుపోతుంది కాబట్టి, రైలు కూర్చునే తలాన్ని తరువాత మిల్లింగ్ చేయించడమో, పలచటి ఎపాక్సీ పోసి సమతలం తెప్పించడమో తప్పనిసరి. ప్లైవుడ్‌తో చట్రం కట్టకూడదని నేను అనను. రెండు పలకల మధ్య అడ్డు పట్టీలు జిగురుతో అతికించి పెట్టెలా మూసేస్తే అది ఆశ్చర్యపరిచేంత గట్టిగా ఉంటుంది, చెక్క కోతకు బాగా పనికివస్తుంది. కాకపోతే తేమను బట్టి ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. ఆ చట్రంతో అల్యూమినియం కోయాలన్న ఆశ మాత్రం వదులుకోవాలి.

150 మి.మీ. ఖాళీ ఎందుకో ఒకసారి ఆలోచించండి. మీరు చెప్పిన పనిలో 25 మి.మీ. కంటే మందమైన వస్తువు ఒక్కటీ లేదు. పక్క పలకలు, జెడ్ పలక ఎంత పొడవైతే ఇందాకటి ఘనం లెక్క అంత గట్టిగా దెబ్బ తీస్తుంది. 150ని 80కి తగ్గిస్తే, కిందికి వేలాడే ఆ భాగం ఒక్కదాని వంపే ఆరో వంతు దరిదాపులకు తగ్గుతుంది. ఇంత చవకగా దొరికే గట్టిదనం యంత్రంలో మరెక్కడా లేదు. రైళ్ల విషయానికొస్తే, రెండు కొసల్లో మాత్రమే పట్టి ఉంచే గుండ్రటి కడ్డీలు నడుమ జారబడతాయి కాబట్టి వాటిని చిన్న యంత్రాలకే పరిమితం చేయండి; పొడవునా కింద ఆధారం ఉన్న కడ్డీలు మెరుగు; 15 లేదా 20 మి.మీ. ప్రొఫైల్ రైళ్లు అన్నింటికంటే మెరుగు, అయితే అవి కూర్చునే తలం వంకరగా ఉంటే రైలు కూడా ఆ వంకరనే అనుసరిస్తుంది.

కట్టిన తరువాత పరీక్ష ఎలాగన్నది చాలామంది అడగరు గాని అడగవలసిన ప్రశ్న. బల్ల మీద డయల్ గేజ్ (అతి చిన్న కదలికను ముల్లుతో చూపే పనిముట్టు) నిలబెట్టి దాని మొనను కాలెట్ నట్టుకు ఆనించండి. సామాను తూచే స్ప్రింగ్ త్రాసు కొక్కేన్ని అదే నట్టుకు తగిలించి 5 కిలోలు చూపేదాకా లాగండి. నా మొదటి యంత్రంలో ముల్లు 0.6 మి.మీ. దాటింది, పలక కోసినప్పుడు వచ్చే కీచు శబ్దానికి కారణం అప్పుడు గాని బోధపడలేదు. గాంట్రీ వెనక పలక వేసి, జెడ్‌ను పొట్టి చేశాక అదే లాగుడుకు 0.2 దగ్గర ఆగింది. అంతవరకు చెక్కకు హాయిగా సరిపోయింది, అల్యూమినియాన్ని మాత్రం పలచటి పొరలుగా, ఓపిగ్గా కోయవలసి వచ్చేది.

ప్రశ్న: నా యంత్రానికి 1605 బాల్‌స్క్రూలు (మోటారు తిప్పితే అక్షాన్ని జరిపే మర కడ్డీలు), ఆర్డుయినో ఊనో అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద యంత్రాన్ని నడిపే జీఆర్‌బీఎల్ ప్రోగ్రామ్ ఉన్నాయి. మరింత కచ్చితత్వం కోసం డ్రైవర్ల (మోటార్లను నడిపే బోర్డుల) మైక్రోస్టెప్పింగ్‌ను, అంటే మోటారు ఒక్కో అడుగును ఎన్ని ముక్కలుగా వేయాలన్న అమరికను, 8 నుంచి 32కి పెంచాను. అప్పటి నుంచి వేగం పెంచితే అక్షం తడబడుతోంది. మోటార్లు మార్చాలా?

జవాబు: మోటార్లు మార్చకండి, స్విచ్‌లను తిరిగి 8కి మార్చండి. మీ మోటారు చుట్టుకు 200 అడుగులు వేస్తుంది, ఎనిమిదో భాగం మైక్రోస్టెప్‌తో 1600. 1605 అంటే 16 మి.మీ. వ్యాసం, చుట్టుకు 5 మి.మీ. కదలిక, కనుక మిల్లీమీటరుకు 320 స్పందనలు (మోటారుకు పంపే విద్యుత్ సంకేతాలు). 32 పెట్టగానే అది 1280 అయింది. ఊనో మీద జీఆర్‌బీఎల్ సెకనుకు దాదాపు 30,000 స్పందనల వరకే ఇవ్వగలదు. 320 వద్ద ఆ పరిమితి నిమిషానికి సుమారు 5,600 మి.మీ. అవుతుంది, 1280 వద్ద 1,400 మాత్రమే. మీరు తడబాటు మొదలైందని రాసిన వేగం 1,500. లెక్క సరిగ్గా సరిపోయింది.

కచ్చితత్వం విషయానికి వస్తే, ఎనిమిదో భాగం వద్దే ఒక్కో స్పందన 0.003 మి.మీ. పైచిలుకు, మన చట్రాల వంపు అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా మైక్రోస్టెప్ సన్నబడేకొద్దీ ఆ ఒక్క మెట్టును పట్టి ఉంచే బిగువూ సన్నబడుతుంది: ఎనిమిదో భాగం మేర జరిగినప్పుడు మోటారు పూర్తి హోల్డింగ్ టార్క్‌లో (కదలకుండా పట్టి ఉంచే మెలి బలంలో) సుమారు 20 శాతంతో ఎదురు తిరుగుతుంది, 32వ భాగం దగ్గర ఆ ఎదురు సుమారు 5 శాతమే. నట్టులోని రాపిడే అంతకు మించిపోతే, మీరు పంపిన స్పందన స్క్రూ దాకా చేరనే చేరదు. మైక్రోస్టెప్పింగ్ ఉన్నది కదలిక నునుపుగా, నిశ్శబ్దంగా ఉండడం కోసమని అనుకుంటే చాలు.

మీరు వెదుకుతున్న కచ్చితత్వం బహుశా భాగాల మధ్య వదులు దగ్గర పోతోంది. డయల్ గేజ్‌కు ఆనేలా అక్షాన్ని ఒకే దిశలో నడిపి సున్నా పెట్టుకోండి, తరువాత ఒక్కోసారి 0.01 మి.మీ. చొప్పున వెనక్కి నడపండి. ముల్లు కదలడం మొదలయ్యేలోపు ఎన్ని మెట్లు వృథా అయ్యాయో అంతే మీ బ్యాక్‌లాష్. అది నట్టులోనే ఉంటుందని అనుకోనవసరం లేదు. బేరింగ్ హౌసింగ్‌లో స్క్రూ ముందుకూ వెనక్కూ జారడం, కప్లర్ (మోటారును స్క్రూకు కలిపే భాగం) మర సడలడం అంతకంటే తరచుగా చూస్తాను, పానాతో ఒక్క బిగింపుతో పోయే జబ్బులవి.

వోల్టేజి గురించి కూడా అడిగారు. స్టెప్పర్ వేగం పెరిగేకొద్దీ కాయిల్‌లో కరెంటు నిండడానికి వ్యవధి చాలక టార్క్ పడిపోతుంది, ఎక్కువ వోల్టేజి ఆ నిండుడును త్వరపరుస్తుంది. కాయిల్ ఇండక్టెన్స్‌ను మిల్లీహెన్రీలలో తీసుకొని దాని వర్గమూలాన్ని 32తో గుణిస్తే గరిష్ఠంగా వాడదగిన వోల్టేజి వస్తుందన్నది వాడుకలో ఉన్న లెక్క, 2.5 మిల్లీహెన్రీకి అది 50 వోల్టులు. అయితే డ్రైవర్ పరిమితికి ఆనుకొని పెట్టకండి, అక్షం గబుక్కున ఆగినప్పుడు మోటారు కొంత వోల్టేజిని వెనక్కి పంపుతుంది. 50 వోల్టుల డ్రైవర్‌కు 36 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ (విద్యుత్ సరఫరా పెట్టె) నిశ్చింతగా ఉంటుంది.

ప్రశ్న: స్పిండిల్ ఆపి ఉంచితే యంత్రం చక్కగా నడుస్తుంది. వీఎఫ్‌డీ (స్పిండిల్ వేగాన్ని మార్చే విద్యుత్ పరికరం) ఆన్ చేయగానే లిమిట్ స్విచ్ (అక్షం అంచుకు చేరితే యంత్రాన్ని ఆపేది) తగిలినట్లు అలారం ఇచ్చి ఆగిపోతుంది. స్విచ్‌లు మార్చినా గుణం లేదు.

జవాబు: స్విచ్‌ల తప్పు కాదు. వీఎఫ్‌డీ స్పిండిల్‌కు పంపేది నునుపైన తరంగం కాదు, సెకనుకు వేల సార్లు తెగుతూ అతుకుతూ ఉండే వోల్టేజి. పక్కనే పోయే సన్నటి వైరులో అది చిన్న చిన్న పోట్లను పుట్టిస్తుంది. ఊనో ఇన్‌పుట్‌ను పైకి లాగి ఉంచే లోపలి రెసిస్టర్ 20 నుంచి 50 కిలో ఓమ్‌ల మధ్య ఉండే బలహీనమైనది కావడంతో ఆ పోటునే నిజమైన సంకేతమని నమ్మేస్తుంది. 1952లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చూపిన తొలి సంఖ్యా నియంత్రణ మిల్లింగ్ యంత్రానికి వాక్యూమ్ ట్యూబులతో నిండిన అల్మారాలు కావలసి వచ్చాయి. నేడు అరచేతిలో ఇమిడే బోర్డు ఆ పనిని చేస్తోంది గాని, అంత సున్నితమైన బోర్డును వీఎఫ్‌డీ పక్కన కూర్చోబెట్టినప్పుడు దానికి తగిన రక్షణ మనమే ఇవ్వాలి.

మొదట వైర్లను విడదీయండి. స్పిండిల్ కేబుల్ ఒక దారిన, స్విచ్ వైర్లు మరో దారిన పోవాలి. దాటక తప్పని చోట లంబంగా దాటాలి. స్పిండిల్‌కు షీల్డ్ ఉన్న కేబుల్ వాడి ఆ షీల్డ్‌ను వీఎఫ్‌డీ ఎర్త్‌కు కలపండి. ఇక్కడ ఒక విషయాన్ని మల్టీమీటర్‌తో స్వయంగా చూసుకోవాలి: కొన్ని స్పిండిళ్లలో కనెక్టర్ నాలుగో పిన్నుకూ పైనున్న లోహపు ఒంటికీ లోపల అతుకే ఉండదు. మీటర్ మోగకపోతే ఆ స్పిండిల్‌కు ఎర్త్ లేనట్లే, అది అలారం సమస్య కంటే ఎంతో పెద్ద ప్రమాదం. ఎలక్ట్రీషియన్‌తో సరిచేయించేదాకా వాడవద్దు. చట్రాన్ని, బల్లను కూడా ఎర్త్ చేయండి.

తరువాత స్విచ్‌లను మామూలుగా మూసి ఉండి, తగిలినప్పుడే తెరుచుకునే పద్ధతికి మార్చి, జీఆర్‌బీఎల్‌లో 5వ నంబరు అమరికను తిరగేయండి. మూసి ఉన్న వలయంలో పోటుకు చోటు తక్కువ. పైగా వైరు తెగితే యంత్రం ఆగుతుంది. తెరిచి ఉండే పద్ధతిలో వైరు తెగిన సంగతి గాంట్రీ వెళ్లి గోడకు గుద్దుకున్నాకే తెలుస్తుంది. అప్పటికీ అలారం వస్తుంటే ఇన్‌పుట్ దగ్గర 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి, బయటి నుంచి ఒకటి రెండు కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి పెట్టండి. ఆప్టో ఐసొలేటర్ (సంకేతాన్ని కాంతి ద్వారా దాటించే భాగం) ద్వారా స్విచ్‌లను 24 వోల్టుల మీద నడిపితే ఈ గొడవ దాదాపు పూర్తిగా సద్దుమణుగుతుంది.

రెండు జాగ్రత్తలు. వీఎఫ్‌డీ కరెంటు తీసేసినా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీయగల వోల్టేజి కొన్ని నిమిషాలు నిలిచి ఉంటుంది, దాని పుస్తకంలో చెప్పినంత సేపు ఆగిన తరువాతే మూత తీయాలి. స్టెప్పర్ మోటారు కనెక్టర్‌ను కరెంటు ఉండగా లాగకూడదు; తొందరలో ఒకసారి నేను ఆ పని చేశాను, ‘టప్’ మని చిన్న శబ్దం, కొంచెం వాసన, డ్రైవర్ పోయింది. అత్యవసర స్టాప్ బటన్ కూడా సాఫ్ట్‌వేర్‌కు చెప్పి ఆపించేది కాకుండా, డ్రైవర్లకూ స్పిండిల్‌కూ వెళ్లే విద్యుత్తును నేరుగా తెంచేదై ఉండాలి.

ప్రశ్న: పాత త్రీడీ ప్రింటర్ చట్రానికి చిన్న స్పిండిల్ బిగిస్తే సీఎన్‌సీ అవుతుందా?

జవాబు: అవుతుంది గాని థర్మాకోల్, పలచటి బాల్సా కర్ర దాటి ఏమీ కోయదు. కరిగిన ప్లాస్టిక్ ప్రింటర్ తలను తిరిగి నెట్టదు, కాబట్టి ఆ చట్రాలను పక్క బలం కోసం చేయరు. అందులోని మోటార్లను, బోర్డును నేర్చుకోవడానికి వాడుకోండి.

ప్రశ్న: కొత్తగా నేర్చుకుంటున్నాను. 6 మి.మీ., రెండు పళ్ల బిట్టుతో నిమిషానికి 18,000 చుట్ల వద్ద కోస్తున్నాను. బిట్టు విరుగుతుందన్న భయంతో ఫీడ్‌ను (బిట్టు ముందుకు సాగే వేగాన్ని) నిమిషానికి 400 మి.మీ.కే ఉంచాను. అయినా కర్ర అంచులు మాడుతున్నాయి, బిట్లు రెండు రోజులకే మొండివవుతున్నాయి. మరీ నెమ్మదిగా నడిపినా ఇలా ఎందుకు జరుగుతోంది?

జవాబు: నెమ్మదిగా నడుపుతున్నందుకే ఇలా జరుగుతోంది. బిట్టు ఒక్కో పన్ను ఒక్కో చుట్టులో ఎంత కర్రను కొరుకుతుందో లెక్కించడానికి ఫీడ్‌ను చుట్లతోనూ పళ్ల సంఖ్యతోనూ భాగించాలి. 400ను 36,000తో భాగిస్తే 0.011 మి.మీ. వస్తుంది. అంత పలచటి పొరను పన్ను కోయలేదు, పైపైన రుద్దుతూ పోతుంది. రుద్దితే వేడి పుడుతుంది, కోసిన పొట్టు మోసుకుపోవలసిన ఆ వేడి బిట్టులోనే ఉండిపోయి దాని అంచును తినేస్తుంది. చిత్రిక పట్టే వడ్రంగి కత్తిని చిత్రికలోకి మరీ వెనక్కి లాగేసి తోస్తే పొర లేవక కర్ర మీద నునుపు గీతలు పడడం మీరు చూసే ఉంటారు; ఇక్కడ జరుగుతున్నదీ అదే.

ఆరు మిల్లీమీటర్ల బిట్టుకు చెక్కలో పన్నుకు 0.05 మి.మీ. అన్నది ఇంటి యంత్రానికి భయపడకుండా మొదలుపెట్టదగిన అంకె. 18,000 చుట్ల వద్ద అది నిమిషానికి 1,800 మి.మీ. అవుతుంది. అంత వేగం చూసి చేతులు వణికితే ఫీడ్ తగ్గించకండి, చుట్లు తగ్గించండి: 12,000 వద్ద 1,200 చాలు. మొదట 2 మి.మీ. లోతుతో కోసి, శబ్దం నిలకడగా ఉంటే లోతు పెంచుకుంటూ వెళ్లండి. అంకెల కంటే నమ్మదగిన సాక్షి కింద పడిన పొట్టు. వేళ్ల మధ్య నలిపితే పిండిలా జారిపోతోందంటే బిట్టు రుద్దుతున్నట్లు. చిన్న చిన్న రేకులుగా తగులుతోందంటే కోస్తున్నట్లు. ఎండీఎఫ్‌కు (కర్ర పీచును జిగురుతో అదిమి చేసిన పలకకు) మాత్రం ఈ పరీక్ష పనికిరాదు, అది ఎలా కోసినా పిండే అవుతుంది.

బిట్టును ఎంత పొడవు బయటికి ఉంచారో కూడా చూడండి. ఇక్కడా అదే ఘనం లెక్క: 30 మి.మీ. బయటికి ఉన్న బిట్టును 20కి తగ్గిస్తే మూడు రెట్లకు పైగా గట్టిపడుతుంది. వ్యాసం సంగతి ఇంకా తీవ్రం, 3 మి.మీ. బిట్టు అదే పొడవున్న 6 మి.మీ. బిట్టు కంటే పదహారు రెట్లు తేలికగా ఒంగుతుంది. ఈఆర్ కాలెట్‌ను బిగించే వరుస కూడా చాలామందికి ఎవరూ చెప్పరు: ముందు కాలెట్‌ను కాస్త వంచి నట్టులోకి ‘టక్’ మనేలా కూర్చోబెట్టాలి, తరువాత ఆ జోడిని స్పిండిల్‌కు వదులుగా ఎక్కించాలి, ఆ తరువాతే బిట్టును దూర్చి బిగించాలి. కాలెట్‌ను స్పిండిల్‌లో వేసి పైనుంచి నట్టు తిప్పితే బిట్టు నడిబొడ్డున నిలవదు, ఒక పన్నే మొత్తం కోత మోస్తుంది, బిట్టును తీయబోతే కాలెట్ స్పిండిల్‌లోనే పట్టుకుపోతుంది.

అల్యూమినియం దగ్గరికి వచ్చినప్పుడు ఒంటి పన్ను బిట్టు తీసుకోండి, పన్ను పక్కన గాడిలో ఖాళీ ఎక్కువ కాబట్టి రజను ఇరుక్కోకుండా బయటికి వస్తుంది. లోతు 0.3 మి.మీ. దగ్గర మొదలుపెట్టి, గాలి ఊదుతూ రజనును ఎప్పటికప్పుడు తరిమేయండి. గాడిలో మిగిలిన రజను మళ్లీ పళ్ల కిందికి వస్తే వేడికి మెత్తబడి బిట్టుకు అతుక్కుంటుంది, ఆ తరువాత బిట్టు విరగడానికి ఒక్క సెకను చాలు. నిలువుగా గుచ్చి దిగే బదులు ఏటవాలుగా దిగేలా ప్రోగ్రామ్ రాసుకోండి.

ప్రశ్న: అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో ఎండీఎఫ్ కోయడం మంచిదేనా అండీ? శబ్దం గురించి కూడా చెప్పగలరా?

జవాబు: బిడ్డ తిరిగే గదిలో వద్దమ్మా. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క ధూళిని, ఎండీఎఫ్ జిగురులో ఉండే ఫార్మాల్డిహైడ్‌ను, రెండింటినీ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలోనే చేర్చింది. కంటికి కనిపించే పొట్టు నేల మీద పడుతుంది గాని, ఊపిరితిత్తుల లోతుకు పోయే సన్నటి ధూళి గంటల తరబడి గాలిలోనే తేలుతుంది. వేరే గది, తలుపు వేసే వీలు, బిట్టు చుట్టూ కుచ్చు బ్రష్‌తో కూడిన పీల్చే గొట్టం, సైక్లోన్ (గాలిని సుడి తిప్పి పొట్టును వేరు చేసే డబ్బా), దాని వెనక సన్నటి ధూళిని పట్టే హెపా ఫిల్టర్ ఉన్న వాక్యూమ్, కోస్తున్నంత సేపూ ఎన్95 మాస్కు: వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఎండీఎఫ్‌ను పక్కన పెట్టి ప్లైవుడ్, కర్రలతో సరిపెట్టుకోవడం మేలు, వాటికీ మాస్కు తప్పదు. గొట్టంలో పొట్టు రాసుకొని స్థిర విద్యుత్తు పుడుతుంది, లోపల ఒక రాగి తీగ లాగి ఎర్త్ చేస్తే చిటుక్కుమనడం తగ్గుతుంది.

శబ్దంలో ఎక్కువ భాగం రౌటర్‌దీ వాక్యూమ్‌దీ. నీటితో చల్లబరిచే స్పిండిల్ ఖాళీగా తిరిగినప్పుడు దాదాపు వినబడదు. కోత శబ్దాన్ని మాత్రం పెట్టె కట్టి ఆపవలసిందే. కాకపోతే పెట్టె మూసేశాక యంత్రాన్ని వదిలి పక్క గదికి వెళ్లాలనిపిస్తుంది, అదే నాకు భయం. మొండి బిట్టు రాజేసిన నిప్పురవ్వ వాక్యూమ్ సంచిలోని పొట్టులో చాలాసేపు కనబడకుండా రగులుతుంది. కోత ముగిశాక కూడా కాసేపు దగ్గరే ఉండి, పొట్టును లోహపు డబ్బాలోకి తీసి మూత పెట్టండి.

ప్రశ్న: యంత్రం పూర్తయింది, అన్ని అక్షాలూ కదులుతున్నాయి. మొదట ఏం కోయాలి?

జవాబు: వస్తువేదీ కోయవద్దు, యంత్రం చేత దాని బల్లనే కోయించండి. బల్ల మీద ఎండీఎఫ్ బలి పలక (బల్లకు బదులు కోత దెబ్బలు తినే పలక) బిగించి, 25 మి.మీ. ఫేసింగ్ బిట్టుతో అరమిల్లీమీటరు లోతున మొత్తం తలాన్ని చదును చేయండి. అప్పుడు ఆ తలం రసమట్టానికి కాక, యంత్రం తిరిగే తలానికి సమాంతరమవుతుంది, మనకు కావలసింది అదే. తరువాత పలక మీద గోటితో అడ్డంగా గీయండి. ఒక్కో వరుస అంచు దగ్గర గోరు తట్టుకుంటే స్పిండిల్ ఒక పక్కకు వాలి ఉన్నట్లు. స్పిండిల్‌కు ఒక వంచిన కడ్డీ బిగించి, దాని కొసన డయల్ గేజ్ కట్టి, చేత్తో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పితే వాలు ఎటు, ఎంత అన్నది అంకెల్లో తెలుస్తుంది. 200 మి.మీ. వ్యాసంలో తేడా 0.1 మి.మీ. లోపుకు తెచ్చి ఇంకోసారి చదును చేయండి. అప్పుడు 25 మి.మీ. బిట్టు కింద మిగిలే మెట్టు 0.0125 మి.మీ., గోటికి తగలదు.

ఇక మూలమట్టం. సన్నటి మొనగల బిట్టుతో 600 × 800 మి.మీ. దీర్ఘచతురస్రం నాలుగు మూలల్లో నాలుగు చుక్కలు పెట్టించి, ఎదురెదురు చుక్కల మధ్య దూరం కొలవండి. రెండు కర్ణాలూ 1000 మి.మీ. చూపాలి. అంత చోటు లేకపోతే 300 × 400 పెట్టి 500 కోసం చూడండి. రెండు కర్ణాలూ సమానంగా ఉండి రెండూ 1000కి తక్కువైతే గాంట్రీ వంకర కాదు, మిల్లీమీటరుకు స్పందనల అంకె తప్పు. ఒకటి పొడుగై మరొకటి పొట్టిదైతే గాంట్రీ పక్కకు తిరిగి ఉంది: 600 × 800 లో కర్ణాల తేడా 1 మి.మీ. ఉంటే, 600 మి.మీ. వెడల్పులో గాంట్రీ ఒక కొస రెండో కొస కంటే 0.6 మి.మీ. పైచిలుకు ముందుకు పోయిందని అర్థం. రెండు పక్కలా వేరు వేరు మోటార్లు ఉన్న వారు ఒక పక్క హోమింగ్ స్విచ్‌ను (యంత్రానికి మొదలు స్థానం తెలిపే స్విచ్‌ను) అంతే మేర జరపాలి. ఒకే మోటారు ఉన్న వారు బేరింగ్ బ్లాకుల బోల్టులు కొంచెం సడలించి గాంట్రీని తిప్పి బిగించాలి. తరువాత పలకను కాస్త జరిపి కొత్తగా నాలుగు చుక్కలు పెట్టించి మళ్లీ కొలవండి. పాత చుక్కల గుంటల్లోకే బిట్టు జారితే కొలత మనల్ని మోసగిస్తుంది.